ఉల్లేఖనల లెక్క - అఫ్జల్‌గంజ్ సాక్ష్యము

వైద్యమున ఒక ప్రశ్నపై వెలువడిన పరిశోధనలన్నిటిని వెదకి, మంచిచెడ్డలు తూచి తీర్పు చెప్పు వ్యాసమును క్రమబద్ధ సమీక్ష అందురు. 1993లో ఏర్పడిన కాక్రేన్ సంస్థ ఈ పద్ధతికి లోకమంతట ప్రచారము తెచ్చినది. ఇట్టి సమీక్షలను తరువాతి రచయితలు తరచుగా ఉల్లేఖింతురు. ఆ ఉల్లేఖనల సంఖ్యయే సమీక్ష ఘనతకు కొలత యను వాడుక మన కళాశాలలకును ప్రాకినది. ఇది ఎంత సబబో పరీక్షించుటకు దూరము పోనక్కరలేదు.

ఉస్మానియా ఆసుపత్రికి ముందు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండెడిది. 1908 మూసీ వరదలో అది నాశనమైనది. దాని పెద్ద డాక్టరు ఎడ్వర్డ్ లారీ. క్లోరోఫారం ఇచ్చునపుడు శ్వాసను గమనించిన చాలును, నాడితో పనిలేదని ఆయన నమ్మకము. 1888లో కుక్కలపై ప్రయోగములు చేయించి, తన మాటయే నిజమని ప్రకటించెను. లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వేయి పౌనులిచ్చి, ఆ పత్రిక ప్రతినిధినే రప్పించిరి. 1889లో వచ్చిన లాడర్ బ్రంటన్, వందలకొలది జంతువులపై ప్రయోగములు జరిగిన పిమ్మట, లారీ పక్షమే చేరెను. నివేదిక 1890లో లాన్సెట్‌లోనే అచ్చయినది.

ఆపైన మత్తుమందులను గూర్చి వ్రాయువారు కొందరు దీనిని ప్రమాణముగ చూపిరి, కొందరు ఖండించుటకే పేర్కొనిరి. లెక్కకు ఈ భేదము తెలియదు. మెచ్చినను ఒకటే, తిట్టినను ఒకటే! పైగా యూజీన్ గార్ఫీల్డ్ ఆలోచన నుండి పుట్టి, నేడు పత్రికలకు వాడుచున్న ఇంపాక్ట్ ఫాక్టరు వెనుకటి రెండేండ్ల వ్యాసములనే లెక్కించును. హైదరాబాదు నివేదికకు గట్టి సమాధానము వచ్చుటకు ఇరువది యొక్క యేండ్లు పట్టినది.

1893లోనే లాన్సెట్ ఆసుపత్రుల రోగుల వివరములు సేకరించి, ఈథరుకంటె క్లోరోఫారమే ప్రమాదకరమని తేల్చినది. కారణమును 1911లో గుడ్‌మన్ లెవీ చూపెను. మత్తు పలుచగా ఉన్నపుడు రక్తములో అడ్రినలిన్ పెరిగినచో గుండె క్రమము తప్పి అదరి, హఠాత్తుగా ఆగిపోవును. బెదరిన రోగికి ఇదే గండము. హైదరాబాదులో మందు మితిమీరిన జంతువులనే ఎక్కువగ పరిశీలించిరి. మితిమీరినపుడు ముందుగా ఆగునది శ్వాసయే. అందుచేత వారు చూచినది అబద్ధము కాదు, చూడని సగము మాత్రము మిగిలిపోయినది.

నేటి సమీక్షలోనైనను నేను మొదట వెదకునది ఆ సగమునే: ఏ రోగులను చేర్చుకొనిరి, ఎవరిని వదలిరి, ప్రచురింపబడని ఫలితములకై వెదకిరా? ఈ వివరములు పద్ధతుల భాగమున ఉండును. నియామక సంఘములు అడుగు పత్రములలో మాత్రము ఉల్లేఖనల సంఖ్యకే గడి కలదు.