ఎర్రగీత లోపలి గల్లీ

మేం రాసుకున్న పుస్తకాలు మాకున్నాయి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' మా అవమానాన్ని తెలుగు సాహిత్యం నడిమధ్యన పెట్టాయి. మా గురించి ప్రభుత్వం రాయించిన పుస్తకమూ ఒకటుంది. 2006 నవంబరు 30న పార్లమెంటు ముందుకొచ్చిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక అది. దాన్ని సభల్లో తల్చుకున్నంతగా మేం కూర్చుని చదవలేదు. ఈ తప్పు మాదే.

అందులో ఒక మాట మమ్మల్ని నిలదీస్తుంది. ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు 'రెడ్ జోన్'లుగా గుర్తించి, అక్కడ అప్పులివ్వడం మంచిది కాదనుకున్నాయట. 2001 జనాభా లెక్కల్లో మేం 13.4 శాతం. ప్రాధాన్యతా రంగానికి బ్యాంకులిచ్చిన అప్పుల నిల్వల్లో మా వాటా 4.7 శాతమేనని ఆ నివేదికే చెప్పింది.

ఈ ఎర్రగీత మా గల్లీలో ఏం చేస్తుందో చూడండి. బ్యాంకు కాదంటే పంక్చర్ షాపు భాయి గిరిగిరి వాడి దగ్గరికి పోతాడు. వాడు తొమ్మిది వేలు చేతిలో పెట్టి పదివేలు రాసుకుంటాడు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. ఇక భాయి కొత్త మిషను కొనేదెప్పుడు, షాపు పెంచేదెప్పుడు? కొడుకు బడి మాని పానా పట్టుకుంటాడు. అప్పుడు పెద్దమనుషులంటారు: "వీళ్లు పిల్లల్ని చదివించరండీ". ఫలితాన్ని తెచ్చి కారణమని మా నెత్తిన పెడతారు. వడ్డీ హరాం కాబట్టి మేం బ్యాంకుకు రామని ఇంకో మాట. గిరిగిరికి కట్టేది వడ్డీ కాక మరేమిటి?

రోగం రాసినంత తేలిగ్గా మందు రాలేదు. సమాన అవకాశాల కమిషన్ పెట్టమన్న సచార్ సిఫారసు చట్టం కాలేదు. 2006 నాటి కొత్త పదిహేను సూత్రాల కార్యక్రమం పథకాల్లో మైనారిటీలకు 15 శాతం అంది, "వీలైన చోటల్లా" అనే మెలికతో. వీలు చూసేవాడు అధికారి. మన రాష్ట్రంలో 2007లో వెనుకబడిన ముస్లిం సమూహాలకిచ్చిన 4 శాతాన్ని 2010లో హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీదే ఆ సీట్లు నిలబడ్డాయి. కేంద్ర మైనారిటీ శాఖకు 2022-23 బడ్జెట్‌లో రాసింది 5,020 కోట్లు. మరుసటి ఏడు 3,097 కోట్లు. పరిశోధన విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఆపేస్తున్నామని 2022 డిసెంబరులో ప్రకటించారు. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. ఒక పద్దు తగ్గించారు, అంతే.

మా సాహిత్యం తిట్టును పట్టుకుంది గానీ పద్దును పట్టుకోలేదు. మా కథల్లో గరీబీ నిండుగా ఉంది. అమ్మీ కన్నీళ్లున్నాయి, చిరిగిన బురఖా ఉంది. అప్పు నిరాకరించిన మేనేజరు లేడు, ఖర్చు కాకుండా వెనక్కిపోయిన నిధి లేదు. అవి లేకపోతే గరీబీ నసీబులా కనిపిస్తుంది. నసీబు మీద ఎవరు పోరాడతారు?

మా మీద వేసే నిందలకు జవాబు చెప్పడానికే ఇన్నాళ్లూ సరిపోయింది. ఇక లెక్కలు అడుగుదాం. మా పేరు మీద ఎంత రాశారు, ఎంత ఇచ్చారు, మా గల్లీ దాకా ఎంత వచ్చింది? ఈ ప్రశ్నలు కూడా మా అస్తిత్వమే. దస్తర్‌ఖాన్ మీద రొట్టె లేనివాడికి ఇజ్జత్ గురించి మాత్రమే చెబితే, అతనికి మేం సగమే చెప్పినట్టు.