శాతం పక్కన కారణం

తెలుగు రాష్ట్రాలలో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రాల గురించి ఈ వారం మళ్లీ సాగిన వాదోపవాదాలు, ఈ శీర్షిక పాఠకులు ఎన్నోసార్లు చదివిన పాత అభ్యంతరాన్నే తిరిగి ముందుకు తెచ్చాయి: మనిషి సామర్థ్యాన్ని శాతంతో తేల్చడం అన్యాయం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల రకాలను 7 నుంచి 21కి పెంచింది గాని, రిజర్వేషన్లకు మాత్రం 40 శాతం, ఆపైన ఉన్న వైకల్యాన్నే, అంటే బెంచ్‌మార్క్ వైకల్యాన్నే, అర్హతగా నిలిపింది. ఒకే వ్యక్తికి 50, 20 శాతాల చొప్పున రెండు వైకల్యాలుంటే మొత్తం 70 కాదు. పెద్దదానికి చిన్నదానిలో కొంత భాగాన్నే కలిపే సూత్రం ప్రకారం సుమారు 59 అవుతుంది. ఇంత జాగ్రత్తగా కట్టిన లెక్క కూడా దేహంలోని లోపాన్నే చెబుతుంది, ఆ దేహంతో మనిషి ఏమి చేయగలడో చెప్పదు.

ఎంబీబీఎస్ విద్యార్థికి రెండు చేతులూ లోపం లేకుండా ఉండాలన్న నిబంధన వల్ల సీటు దక్కని ఒక విద్యార్థి సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, ఎయిమ్స్ బోర్డులో ఐదుగురు సభ్యులు అతడు అనర్హుడని తేల్చగా, డాక్టర్ సతేంద్ర సింగ్ వారితో విభేదించి విడిగా నివేదిక ఇచ్చారు. పసితనంలోనే పోలియో సోకిన ఈ ఢిల్లీ వైద్య అధ్యాపకుడు సమాచార హక్కు చట్టాన్ని సాధనంగా చేసుకుని ఏళ్లుగా దివ్యాంగుల హక్కుల కోసం పోరాడుతున్నవారు కావడం వల్ల, తగిన పరికరాలు, మార్పులు సమకూర్చడమనే ‘సహేతుక సదుపాయం’ సూత్రాన్ని ఆసుపత్రి పనులకు అన్వయించి చూపగలిగారు. 2025 ఫిబ్రవరిలో కోర్టు ఆ నివేదికనే ఆమోదించింది.

ఇక్కడికి వచ్చేసరికి శాతాన్నే రద్దు చేయాలన్న వాదన సహజంగా తోస్తుంది. కాని పింఛను కోరే నిరుపేదకు ఆ అంకె లేకపోతే అతని అర్హత పూర్తిగా అధికారి ఇష్టాయిష్టాల మీద ఆధారపడుతుంది. కాగితం మీద అంకె ఉన్నప్పుడే అది తప్పని అప్పీలు చేసుకునే వీలుంటుంది. అందువల్ల పింఛనుకు శాతం ఉండవలసిందే, చదువుకు, ఉద్యోగానికి మాత్రం అదొక్కటే ప్రమాణం కారాదు. 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసులో సుప్రీంకోర్టు, బెంచ్‌మార్క్ వైకల్యం ఉన్నంత మాత్రాన వైద్యవిద్యకు అనర్హత రాదని, అభ్యర్థి ఆ చదువు సాగించలేడని భావించే బోర్డు అందుకు కారణాలు రాయాలని చెప్పింది. కారణం రాయవలసి వచ్చిన వైద్యుడు మనిషిని మరింత శ్రద్ధగా పరీక్షించక తప్పదు, రాసిన కారణాన్ని న్యాయవాది ప్రశ్నించగలడు. జిల్లా ఆసుపత్రులు జారీ చేసే ప్రతి తిరస్కరణ పత్రంలోనూ ఇకమీదట అంకె పక్కన కారణానికి చోటుండాలి.