జిలేబిలో మగదేది, ఆడదేది?

కోయిల్‌సాగర్‌లోనో డిండి జలాశయంలోనో వల లాగితే బొచ్చెలు, రోహుల మధ్య నాలుగు జిలేబి చేపలు తగలడం మామూలే. వాటిని విడిగా పట్టుకుని చూసేవాళ్లు తక్కువ. తట్టలో ఒక మూలకు తోసేస్తారు. ఊరి చెరువుల జిలేబి అంటే తిలాపియా. అద్దాల తొట్టెల్లో ముద్దుగా పెంచుకునే బుల్లి సిక్లిడ్లదీ దీనిదీ ఒకటే కుటుంబం.

తొట్టె చేపల్లో పోలిక పట్టడం కొంత సుళువు. బ్లూ ర్యామ్‌లో ఆడదానికి పొట్ట దగ్గర గులాబీ రంగు ఉంటుంది, మగదానికి వీపు రెక్క ముందు ముళ్లు పొడవుగా సాగుతాయి. జిలేబి అంత తేలిగ్గా బయటపడదు.

ముందు జాతి తేల్చాలి. మొజాంబిక్ తిలాపియా 1952లో శ్రీలంక నుంచి మన దేశానికి వచ్చింది. ఏడేళ్లకే, 1959లో, దాని పెంపకం వద్దన్నారు. కానీ నీళ్లలో పడ్డ చేపను వెనక్కి పిలవడం ఎవరి తరం? ఆ తర్వాత నైల్ తిలాపియా వచ్చి చేరింది. రెండింటినీ తోకతో పోల్చవచ్చు. నైల్ తోక మీద సన్నటి నిలువు చారలు వరసగా ఉంటాయి, మొజాంబిక్‌కు ఉండవు. గుడ్ల కాలంలో మొజాంబిక్ మగది నల్లబడుతుంది, గొంతు తెల్లగా మారుతుంది, రెక్కల అంచులు ఎర్రబారతాయి. రెండు జాతులూ కలిసిన సంకరంలో చారలు తెగిపోయి మసకగా కనిపిస్తాయి. అక్కడ తోకను నమ్ముకుని తీర్పు చెప్పకపోవడమే మేలు.

అసలు పనితనం మగ, ఆడ తేల్చడంలో ఉంది. తడి చేత్తో చేపను వెల్లకిలా పట్టుకుని, మలద్వారం వెనకున్న చిన్న బుడిపె చూడాలి. మగదానిది కొనదేరి ఉంటుంది, మలద్వారంతో కలిపి రెండే రంధ్రాలు. ఆడదాని బుడిపె వెడల్పు, మొద్దు. దాని మీద అడ్డంగా ఒక చీలిక, మొత్తం మూడు రంధ్రాలు. చీలిక కంటికి ఆనకపోతే కాస్త నీలి రంగు పూస్తే తేలుతుంది. మరీ చిన్న పిల్లల్లో ఈ తేడా ఇంకా ఏర్పడదు, తొందరపడి లాభం లేదు.

ఇంత శ్రమ ఎందుకంటే, ఆడది గుడ్లనూ పిల్లలనూ నోట్లోనే పొదుగుతుంది. అన్నాళ్లూ సరిగా తినదు, పెరగదు. కొద్ది వారాలకే మళ్లీ గుడ్లు పెడుతుంది. మడుగు నిండా వేలెడు చేపలే మిగులుతాయి, మేత వాటికే చాలదు. మగవి మాత్రం చకచకా బరువెక్కుతాయి. హేచరీల్లో పిల్లల మేతలో హార్మోన్ కలిపి దాదాపు అన్నింటినీ మగవిగా మారుస్తారు. అది ఖర్చుతో, అదుపుతో కూడిన పని. చిన్న మడుగు పెంపకందారుకు మగవాటిని ఏరడానికి కన్నూ వేలూ చాలు. ఆ నైపుణ్యానికి కూలి లెక్కలో చోటు లేకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఎంత ఏరినా ఒకటో రెండో ఆడవి తప్పించుకుంటాయి. వాటి పిల్లల పని పట్టడానికి కొర్రమీనును వదిలే పద్ధతి ఉంది. తెలంగాణ రాష్ట్ర చేప అదే. అయితే దాన్ని చిన్నదిగా ఉన్నప్పుడే, పెంచే మగ చేపలు దాని నోటికి అందనంత ఎదిగాకే వదలాలి. వేళ తప్పితే ముందు వాటినే మింగుతుంది.