లీకేజీని లెక్కకట్టే పనితనం

డయోడ్ కరెంటును ఒకవైపే పోనిస్తుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. రివర్స్‌లోనూ కాస్త కారుతుందని, ఆ కాస్తనూ సిమ్యులేటర్‌కు నేర్పాలని మోడలింగ్ ఇంజనీర్లకు తెలుసు. వారి పనితనాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

1970లలో అమెరికాలోని బర్క్‌లీలో పుట్టిన స్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేటర్‌లో డయోడ్‌కు ఆధారం షాక్లీ సమీకరణం. దాని ప్రకారం రివర్స్ కరెంటు ‘ఐఎస్’ అనే విలువ దగ్గర ఆగిపోతుంది. అసలు డయోడ్ అలా ఆగదు. 1ఎన్4148 అనే డయోడ్‌నే చూడండి. విరివిగా వాడే ఒక మోడల్‌లో ఐఎస్ 2.52 నానోఆంపియర్లు. డేటాషీట్ మాత్రం 20 వోల్టుల దగ్గర, 25 డిగ్రీల సెల్సియస్‌లో 25 నానోఆంపియర్ల దాకా, 150 డిగ్రీల్లో 50 మైక్రోఆంపియర్ల దాకా రావచ్చంటుంది.

చెయ్యి తిరిగినవారు ఊరికే ఐఎస్‌ను పెంచెయ్యరు. పెంచితే ఫార్వర్డ్ వోల్టేజీ లెక్క తప్పుతుంది. డయోడ్‌కు సమాంతరంగా సుమారు 890 మెగాఓమ్‌ల రెసిస్టర్ కలుపుతారు. ఐఎస్‌తో కలిపి 20 వోల్టులకు దాదాపు 25 నానోఆంపియర్లు! వేడి ప్రభావం కూడా కావాలంటే ఉష్ణోగ్రతతో మారే కరెంటు సోర్సు రాస్తారు. లెక్క తేలడానికి సిమ్యులేటర్ తనంతట తాను జంక్షన్‌కు కలిపే ‘జీమిన్’ అనే అతి చిన్న కండక్టెన్స్‌నూ గమనిస్తారు, అదే సాధారణంగా 20 వోల్టులకు 20 పికోఆంపియర్లు కలుపుతుంది మరి.

చిన్న బ్యాటరీతో ఏళ్ల తరబడి నడవాల్సిన పరికరానికి ఈ నానోఆంపియర్లే ఆయుష్షు. అందుకే మోడల్‌ను గుడ్డిగా నమ్మకండి. ముందు డేటాషీట్‌తో సరిచూడండి.