తప్పు సిద్ధాంతంతో మొదలయ్యే పుస్తకం

ఘనస్థితి భౌతికశాస్త్రం పాఠ్యపుస్తకాలు చాలామటుకు స్ఫటికాలతో మొదలవుతాయి. ఏడు స్ఫటిక వ్యవస్థలు, పద్నాలుగు బ్రావే జాలకాలు, మిల్లర్ సూచికలు, ఎక్స్-కిరణ వివర్తనం. ఎమ్మెస్సీ విద్యార్థికి మొదటి నెలంతా పేర్లూ పటాలూ బట్టీ పట్టడంతోనే సరిపోతుంది. ఇవన్నీ ఎందుకు నేర్చుకుంటున్నామో తెలిసేసరికి పరీక్షలు వచ్చేస్తాయి. 1953లో వెలువడి తరతరాల విద్యార్థులకు ఆధారమైన చార్లెస్ కిట్టెల్ పుస్తకం కూడా స్ఫటిక నిర్మాణంతోనే ఆరంభమవుతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యులు నీల్ ఆష్‌క్రాఫ్ట్, డేవిడ్ మెర్మిన్ 1976లో తెచ్చిన ‘సాలిడ్ స్టేట్ ఫిజిక్స్’ దారి వేరు. దాని మొదటి అధ్యాయం 1900 నాటి డ్రూడే సిద్ధాంతం. అది తప్పని రచయితలకు తెలుసు. తెలిసే దాన్ని గుమ్మంలో నిలబెట్టారు. ఆ పుస్తకం పనితనానికి మూలం ఈ నిర్ణయమే.

జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుక్కున్న మూడేళ్లకు జర్మన్ శాస్త్రవేత్త పాల్ డ్రూడే లోహంలోని ఎలక్ట్రాన్లను వాయువులోని అణువుల్లా ఊహించాడు. అవి పరుగులు తీస్తూ అయాన్లను ఢీకొంటాయి, రెండు ఢీల నడుమ స్వేచ్ఛగా సాగిపోతాయి. ఈ కాస్త సామగ్రితోనే ఓమ్ నియమం వచ్చేస్తుంది. అంతకన్నా పెద్ద విజయం వీడెమన్–ఫ్రాంజ్ నియమం. లోహపు ఉష్ణ వాహకతను విద్యుత్ వాహకతతోనూ, పరమ ఉష్ణోగ్రతతోనూ భాగిస్తే దాదాపు అన్ని లోహాలకూ ఒకే సంఖ్య వస్తుంది. ప్రయోగాల్లో అది సుమారు 2.4×10⁻⁸ వాట్-ఓమ్/కెల్విన్². డ్రూడే లెక్కకు 2.22×10⁻⁸ వచ్చింది. ఎవరైనా చప్పట్లు కొట్టే ఘట్టమిది.

సరిగ్గా అక్కడ రచయితలు గుట్టు విప్పుతారు. డ్రూడే పొరపాటున విద్యుత్ వాహకతను సగానికి తగ్గించి వేశాడు. దాన్ని దిద్దితే సంఖ్య 1.11కు పడిపోతుంది. మరి ఆ మాత్రం దగ్గరికైనా ఎలా వచ్చాడు? ఎలక్ట్రాన్ల విశిష్టోష్ణాన్ని అసలు కంటే సుమారు 100 రెట్లు ఎక్కువగా, వాటి వేగ వర్గాన్ని సుమారు 100 రెట్లు తక్కువగా తీసుకున్నాడు. గుణకారంలో ఒక తప్పు రెండో తప్పును మింగేసింది. రచయితలు ఇంతటితో ఆగరు. వెంటనే థర్మోపవర్ దగ్గరికి తీసుకెళ్తారు. లోహపు కడ్డీ ఒక కొస వేడిగా, మరో కొస చల్లగా ఉన్నప్పుడు పుట్టే విద్యుత్ క్షేత్రానికి సంబంధించిన రాశి అది. దాని సూత్రంలో విశిష్టోష్ణం ఉంటుంది, వేగం ఉండదు. తప్పును కప్పిపుచ్చే తోడు లేకపోయేసరికి సిద్ధాంతం 100 రెట్లు ఎక్కువ విలువ చెప్పి దొరికిపోతుంది. ఒకే లోపం ఒక చోట విజయంలా మెరిసి, మరో చోట బట్టబయలవడం చూసిన విద్యార్థి, సంఖ్య సరిపోయినంత మాత్రాన సిద్ధాంతం నిజమైపోదని జన్మలో మరచిపోడు.

రెండో అధ్యాయంలో భౌతికశాస్త్రవేత్త సోమర్‌ఫెల్డ్ వచ్చి ఈ లోపాన్ని సరిచేస్తాడు. పౌలీ వర్జన నియమం ప్రకారం ఒక క్వాంటం స్థితిలో ఒకే ఎలక్ట్రాన్ ఉండగలదు. నిండిన పంక్తిలో నడుమ కూర్చున్నవారు పక్కకు జరగలేరు, చివర కూర్చున్నవారికే కదిలే వీలుంటుంది. లోహంలోనూ అంతే. అత్యధిక శక్తి అంచున ఉన్న కొద్ది ఎలక్ట్రాన్లే వేడిని అందుకుంటాయి. ఆ అంచు శక్తిని ఉష్ణోగ్రతగా చెప్పే ఫెర్మీ ఉష్ణోగ్రత రాగికి సుమారు 80,000 కెల్విన్‌లు. దాని ముందు గది ఉష్ణోగ్రత అయిన 300 ఎంత! అందుకే ఎలక్ట్రాన్ల విశిష్టోష్ణం అంత స్వల్పం.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మూడో అధ్యాయం. చాలా చిన్నది. పేరే స్వేచ్ఛా ఎలక్ట్రాన్ నమూనా వైఫల్యాలు. అప్పటిదాకా శ్రమపడి కట్టిన గోడకు ఎక్కడెక్కడ బీటలున్నాయో రచయితలే వేలుపెట్టి చూపిస్తారు. విద్యుత్తును మోసే కణాల ఆవేశం ధనమో రుణమో తెలిపే హాల్ గుణకం గుర్తు కొన్ని లోహాల్లో తిరగబడుతుందేం? ఆవర్తన పట్టికలో అల్యూమినియం చక్కని లోహమైతే, దాని పైగడిలోని బోరాన్ ఎందుకు కాలేదు? ఒకే కార్బన్ గ్రాఫైట్‌గా విద్యుత్తును పోనిచ్చి, వజ్రంగా ఎందుకు ఆపేస్తుంది? ఈ ప్రశ్నలు వేసి, జవాబు చెప్పకుండా అధ్యాయం ముగిస్తారు. నాలుగో అధ్యాయంలో స్ఫటిక జాలకం వచ్చేసరికి విద్యార్థి దానికోసం ఆకలితో ఉంటాడు. మొదటి రోజే వడ్డించి ఉంటే బట్టీ సరుకయ్యే విషయం ఇప్పుడు అవసరమై వస్తుంది.

ఆ అవసరం తీరేది ఎనిమిదో అధ్యాయంలో. రాగిలో పక్కపక్క అయాన్ల మధ్య దూరం సుమారు 0.25 నానోమీటర్లు. ఎలక్ట్రాన్ మాత్రం గది ఉష్ణోగ్రతలో ఏ ఢీ లేకుండా సగటున 40 నానోమీటర్ల దాకా వెళ్లిపోతుంది. అన్ని అయాన్లను ఎలా తప్పించుకుంది? హైసెన్‌బర్గ్ శిష్యుడు ఫెలిక్స్ బ్లాక్ 1928లో దీనికి జవాబు చెప్పాడు. ఎలక్ట్రాన్ తరంగం కనుక, క్రమం తప్పని జాలకం దాన్ని అడ్డుకోదు. నిరోధం పుట్టేది క్రమం చెడినప్పుడే, అంటే అయాన్ల కంపనం వల్ల, మలినాల వల్ల. ఈ సిద్ధాంతానికి రచయితలు రెండు నిరూపణలు ఇచ్చారు. ఒకటి సౌష్ఠవం మీదుగా, మరొకటి తరంగాల కూడిక మీదుగా. ఒక దారిలో తడబడ్డ విద్యార్థికి రెండో దారి తెరిచే ఉంటుంది.

ఇరవై ఒకటో అధ్యాయంలో మళ్లీ అదే పద్ధతి. అప్పటిదాకా అయాన్లు కదలవని అనుకున్నాం కదా, ఆ ఊహ వైఫల్యాలు ఇవీ అంటూ మరో జాబితా. ఘనపదార్థాలు వేడికి ఎందుకు వ్యాకోచిస్తాయి, ఎందుకు కరుగుతాయి, ధ్వని వాటిలో ఎలా నడుస్తుంది అన్న ప్రశ్నలనుంచి ఫోనాన్లు, అంటే అయాన్ల కంపనాల క్వాంటాలు, పుట్టుకొస్తాయి. అక్కడినుంచి అర్ధవాహకాలు, అయస్కాంతత్వం దాటి, 34వ అధ్యాయమైన అతివాహకతతో పుస్తకం ముగుస్తుంది.

దీనికీ పరిమితులున్నాయి. 1980 నాటి క్వాంటం హాల్ ఫలితం, 1986 నాటి అధిక ఉష్ణోగ్రత అతివాహకాలు, 2004 నాటి గ్రాఫీన్ ప్రయోగాలు ఇందులో ఉండే వీలు లేదు. సూత్రాలు సీజీఎస్ ప్రమాణాల్లో ఉంటాయి కనుక ఎస్ఐకి అలవాటుపడ్డవారు జాగ్రత్తగా మార్చుకోవాలి. సౌష్ఠవ గణితంలో ఇంకా లోతు కావాలంటే, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి 1948లో సూరి భగవంతం, టి. వెంకటరాయుడు భౌతిక సమస్యలకు సమూహ సిద్ధాంతాన్ని అన్వయిస్తూ తెచ్చిన పుస్తకం వైపు వెళ్లాలి.

ఎనిమిది వందలకు పైగా పేజీలున్నాయని విద్యార్థులు బెదరక్కర్లేదు. ముందు మొదటి మూడు అధ్యాయాలే చదవండి. పెన్సిలు పట్టుకుని, డ్రూడే పొరపాటును మీ చేత్తో లెక్కగట్టి చూడండి. తర్వాత నాలుగు, అయిదు, ఎనిమిది అధ్యాయాలు అందుకోండి. ప్రతి అధ్యాయం చివరి లెక్కల్లో కనీసం రెండైనా చెయ్యనిదే ముందుకు కదలకండి. ఘనస్థితి భౌతికశాస్త్రం ప్రాథమిక సూత్రాలను, అవి ఎందుకు అవసరమయ్యాయో చూపిస్తూ నేర్పడంలో దీన్ని మించిన పుస్తకం నేను చదవలేదు.