కండకు కాలువ

ఈ వారం గుడివాడ వైపు నుంచి వచ్చిన ఓ పెద్దాయన చొక్కా విప్పగానే నా ప్రాణం ఉసూరుమంది. ఎప్పుడో ఛాతీలో చీముకు చేసిన ఆపరేషన్ మచ్చ, రెక్క ఎముక కింద నుంచి ముందుకు సాగి ఉంది. ఆ కోతలో వీపు మీది వెడల్పాటి కండ, లాటిసిమస్ డోర్సై, అడ్డంగా తెగింది. ఇప్పుడు మళ్లీ చీము, ఊపిరితిత్తి నుంచి గాలి లీకు. నాకు కావాల్సింది సరిగ్గా ఆ కండే.

నేనెప్పుడూ పాడే పాట ఒకటుంది. ఛాతీలో మూసుకోని ఖాళీ మిగిలితే రక్తం పారే కండతో నింపాలి. కండను ఎత్తి, దాని రక్తనాళం తెగకుండా పక్కటెముకల సందులోంచి లోపలికి తిప్పడమే ఫ్లాప్. పిల్లకాలువ తెగితే శివారు చేను ఏమవుతుందో దివిసీమ రైతుకు చెప్పక్కర్లేదు. లాటిసిమస్‌కి ఆ కాలువ చంకలోంచి వస్తుంది. 1906లోనే ఇటలీ సర్జన్ టన్సీనీ రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఛాతీని కప్పడానికి ఈ కండను వాడాడు.

నాకీ పట్టుదల మా చినతాత వల్ల వచ్చింది. ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న మంగళగిరి స్థలంలో అప్పట్లో టీబీ శానిటోరియం ఉండేది, ఆయన అక్కడే చేరాడు. ఆ రోజుల్లో పక్కటెముకలు తీసేసి, ఛాతీ గోడనే జబ్బు ఊపిరితిత్తి మీదికి దించేవారు. థొరాకోప్లాస్టీ అంటారు. ఆయన బతికాడు గానీ ఒక భుజం జారిపోయి, చొక్కా ఆ పక్క ఖాళీగా వేలాడేది. కాలువలో స్నానానికి దిగినా ఒంటి మీది కండువా తీసేవాడు కాదు. ఎముకలు తీసే బదులు కండతో నింపొచ్చని చదువుకున్న రోజు నాకు మొదట గుర్తొచ్చింది ఆ కండువాయే.

పెద్దాయనకు ఛాతీ పక్కనుండే సెరాటస్ కండ మిగిలే ఉంది. పేగుల మీది కొవ్వు తెర, ఒమెంటం, పైకి తేవచ్చు. చెయ్యాలనే ఉబలాటపడ్డాను. కానీ మనిషి చిక్కి సగమయ్యాడు, చీము ఆగలేదు. అందుకని 1935లో సర్జన్ ఎలోసర్ చెప్పిన దారి పట్టాం. పక్కటెముకల ముక్కలు తీసి, చర్మం అంచును లోపలికి కుట్టి, ఛాతీకి కిటికీ వదిలాం.

"తెరిచే పంపిస్తారా డాక్టరుగారూ?" అన్నాడు కొడుకు.

"గుడివాడలోనే రోజూ కట్టు మార్పించు బాబూ. గుడ్లు, పప్పు బాగా పెట్టండి. లోపల శుభ్రపడ్డాక కండ పెడదాం."

మిగిలిన ఒక్క మంచి కండను చీములో పెట్టి పోగొట్టుకోవడం కన్నా ఆ కిటికీ మేలు. నింపగలిగీ ఆగడం నింపడం కన్నా కష్టమైన పని.

కుర్ర సర్జన్లూ, మొదటి కోతలో వీలైతే ఆ వీపు కండను తెగకుండా పక్కకు జరపండి. పెద్దాయన దగ్గర పాత కాగితం ఒక్కటీ లేదు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ, మీ డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్స్ పొలం పాసుపుస్తకంతో పాటు బీరువాలో దాచండి.