బోర్డు శబ్దార్థ విమర్శ

బోర్డు అను ఆంగ్లశబ్దమునకు పలక, బల్ల, భోజనము, సభ అని అర్థములు వరుసగా నిచ్చి ఊరకుండుట నిఘంటుకారుల వాడుక. ఆ యర్థములకు గల పరస్పరసంబంధమును వివరించుట అరుదు. ప్రాచీనాంగ్లమున ఈ శబ్దము కొయ్యపలకకును, ఓడప్రక్కకును వాచకమై యుండెను. పలకవలన భోజనపుబల్లయు, బల్లవలన దానిపై వడ్డించు అన్నమును, తుదకు ఆ బల్లచుట్టు గూర్చుండి కార్యము నాలోచించువారును ఈ పేర వ్యవహరింపబడిరి. ఓడ నెక్కుట యను నర్థము రెండవ శాఖలోనిది.

ఇట్టి లక్షణావృత్తి మనకు క్రొత్తది కాదు. కూర్చుండు పీఠమే మఠమునకును, దాని యధికారమునకును పేరైనది. పారసీకమున తఖ్తా యనగా పలక, తఖ్తు అనగా సింహాసనము. 1948 వఱకు నిజాము పాలనలో నుండిన ఆర్మూరు ప్రాంతమున కీ రెండు మాటలును పరిచితములే.

కోస్తా తెలుగువారికి బోర్డు శబ్దము పాలనద్వారమున వచ్చినది. చెన్నపురి రెవెన్యూబోర్డు 1786లో నేర్పడెను. 1884 నాటి చట్టము పిమ్మట జిల్లాబోర్డులు, తాలూకాబోర్డులు, బోర్డుబడులు పల్లెవాని నోటికెక్కెను. 1976లో గుంటూరు కేంద్రముగా పొగాకుబోర్డు నెలకొని, పిదప వేలము వేదికలను తానే నడపసాగెను. దానితో నీ శబ్దమున కొక క్రొత్త యర్థము గలిగినది: పంట అమ్ముడుపోవు చోట రైతు పక్షమున నిలుచునది. ఈ యర్థము ఆంగ్లకోశములలో వెదకినను దొరకదు.

ఆర్మూరు పసుపురైతు కోరిన బోర్డు ఈ చివరి యర్థములోనిదే యని తోచును. 2019 ఫిబ్రవరిలో ఆర్మూరు రహదారిపై బైఠాయించినవారు క్వింటాలునకు రూ. 15,000 ధరను, పసుపుబోర్డును ఒక్కయూపిరిలో నడిగిరి. ఆ యేటి లోకసభ యెన్నికలో నిజామాబాదు స్థానమునకు పోటీచేసిన 185 మందిలో 178 మంది రైతులే. 2020లో సుగంధద్రవ్యముల బోర్డువారి ప్రాంతీయ కార్యాలయము నిజామాబాదునకు ప్రకటింపబడినపుడు, ఇది బోర్డా కాదా యను వివాదము పుట్టెను. అది రాజకీయమే యైనను దాని మూలము శబ్దార్థమున నున్నది. గుమ్మముపై వ్రేలాడు పేరుపలకయు బోర్డే కదా!

బోర్డునకు "మండలి" యని తెనిగించువారు ఇచ్చట పొరపడుచున్నారు. మండలి మనుష్యుల గుంపును మాత్రమే చెప్పును. బల్లను చెప్పదు, బల్లపై వడ్డించు అన్నమును చెప్పదు. రైతు కోరినది కూర్చుండువారిని కాదు, వడ్డనను. కావుననే పత్రికాభాషలో ఎంత సంస్కరించినను ఆర్మూరు అంగడిలో పసుపుమండలి యను మాట వినబడదు, పసుపుబోర్డనియే యందురు. అన్యదేశ్యమని దీనిని త్రోసివేయు పండితులు, ఆ శబ్దము మోయుచున్న బరువును తూచి మాటాడుట మేలు.

జాతీయ పసుపుబోర్డు 2023 అక్టోబరులో చట్టముచే గాక ప్రభుత్వ ప్రకటనచే నేర్పడి, 2025 జనవరి 14న నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమాయెను. పరిశోధన, విలువపెంపు, ఎగుమతి దాని విధులలో ముఖ్యములు. ఇవి ఆలోచనసభ చేయదగిన పనులే, మేలైనవే. పసుపు వేలము మాత్రము మునుపటివలెనే నిజామాబాదు మార్కెటుయార్డులో జరుగుచున్నది.